ముక్కల మామయ్య ఎక్కనన్న వంతెన

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరికీ దాని అవసరం పడలేదు. వృత్తి కుట్టుపని. చొక్కాకి గుడ్డ ఇస్తే చొక్కాతో పాటు, మిగిలిన ముక్కతో ఒక సంచో, రుమాలో, ఏదీ కాకపోతే వేడి గిన్నె దించుకునే మసిగుడ్డో కుట్టి చేతిలో పెట్టేవాడు. దానికి కూలి పుచ్చుకునేవాడు కాదు. "గుడ్డ మీదైతే ముక్కా మీదే. పారేస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది," అనేవాడు. అలా పిల్లా పెద్దా అందరికీ ముక్కల మామయ్య అయిపోయాడు. ఆయనకంటే ఎంతో పెద్దదైన, పిల్లల బంతులు కాజేస్తుందని పేరుపడ్డ కిరాణా కొట్టు బామ్మ కూడా "ఒరే ముక్కల మామయ్యా" అనే పిలిచేది.

ఆయన కొట్టు అగ్గిపెట్టెంత. కుట్టుమిషను లోపల, వీపు గోడకి, మోకాళ్ళు మిషను కింద, మాటలు మాత్రం రోడ్డు మీద. ఆ మాటల్లో సగం దేవుడి గురించి, సగం ప్రభుత్వం గురించి. దేవుణ్ణి ఎన్నడూ తప్పు పట్టింది లేదు, ప్రభుత్వాన్ని ఎన్నడూ వదిలిపెట్టింది లేదు.

"దారపుండ కొన్నా పన్నే, సూది కొన్నా పన్నే, గుండీ కొన్నా పన్నే. కడతాను, కాదనను. కానీ గుడ్డ ఇచ్చినవాడు నా చొక్కా ఏదయ్యా అని అడగొద్దా?" అనేవాడు.

అడగడానికి దూరం పోనక్కర్లేదు. ఆయన గుండెల మీద కుంపటి కొట్టుకి ఎదురుగానే ఉంది. అది రోడ్డు మీదుగా మనుషులు నడిచి దాటడానికి కట్టిన ఇనప వంతెన.

ఒకప్పుడు ఆ రోడ్డు మీద బస్సులూ లారీలూ ఊపిరి సలపనిచ్చేవి కావు. ఇటువాళ్ళు అటు పోవాలంటే ఇంట్లో చెప్పి బయల్దేరాలి. వంతెన కావాలని జనం మొరపెట్టుకున్నారు. సరేనన్నారు. కొలతలు తీశారు, గుంటలు తవ్వారు, పూడ్చారు, ఎందుకు పూడ్చామా అనుకుని మళ్ళీ తవ్వారు. చిట్టచివరికి మెట్లతో, కమ్మీలతో, పైన రేకు కప్పుతో వంతెన లేచి నిలబడింది. అది లేచిన ఏడాదే ఊరి పక్కనుంచి కొత్త రోడ్డు పడింది. బస్సులూ లారీలూ చెప్పాపెట్టకుండా అటే వెళ్ళిపోయాయి. వంతెన కింద మిగిలింది నాలుగు సైకిళ్ళు, ఒక కూరగాయల బండి, నడిరోడ్డు మీద పడుకునే ఒక గోధుమరంగు కుక్క. ఆ కుక్క తోక తొక్కకుండా దాటడం వస్తే చాలు, వంతెనతో ఎవరికేం పని?

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వారని విన్నాం గానీ, ఇల్లు కాలి, బూడిద చల్లారి, మనం వేరే ఇంట్లో దిగాక తవ్వడం ఇక్కడే చూశాను," అనేవాడు మామయ్య. ఆ వంతెన మీద కాలు పెట్టనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

"ఆ మూడో మెట్టు ఉందే, అది నా పన్నుతో వేసిందే," అన్నాడొకరోజు.

బడిలో పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన డ్రిల్లు మాస్టారు అప్పుడు గుండీ కుట్టించుకుంటున్నారు. "నీకెలా తెలుసయ్యా?"

"మిగతావన్నీ వంకరగా ఉన్నాయి, అదొక్కటే తిన్నగా ఉంది. చూడండి కావాలంటే."

మాస్టారు చూశారు. నిజంగానే తిన్నగా ఉంది. ఆ రోజు నుంచి వీధిలో అందరూ దాన్ని మామయ్య మెట్టు అనడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా, ప్రజల సొమ్ము సరిగ్గా ఖర్చవుతోందో లేదో ప్రజలే చెప్పండని పెద్దాఫీసులో ఒక సభ పెట్టారు. మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. తన వంతు వచ్చాక మైకు పట్టుకుని, "అయ్యా, మనిషన్నవాడు ఎక్కని వంతెన అది. శుద్ధ దండగ. ఊడదీసి ఆ ఇనుముతో ఏ బడికైనా కిటికీలు పెట్టించండి," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆఫీసువాళ్ళు రాసుకున్నారు. ఆ రాసుకున్న కాగితం లోపలికి వెళ్ళి కుంభకర్ణుడి పక్కన పడుకుంది. మామయ్య కూడా మరిచిపోయాడు.

మామయ్యకి ఒక అక్క ఉంది. బావగారు కాలం చేశాక తమ్ముడింటికి వచ్చేసింది. వచ్చినప్పట్నించీ ఇంట్లో చీపురు ఆవిడ చేతిలోనే, బిందె ఆవిడ చంకలోనే. మామయ్య భార్య నోరు దురుసైనా మనసు వెన్న. "కాస్త కూర్చోండి వదినా, ఇల్లు ఎక్కడికీ పారిపోదు," అని కోప్పడేది. అక్క వినేది కాదు. ఒక్క భోజనం దగ్గర మాత్రం చేతులు ముడుచుకునేది. ఒకసారి పెట్టింది తిని, రెండోసారి గరిట వచ్చేసరికి కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. "నిండిపోయిందమ్మా," అనేది. నిండలేదని మామయ్యకి తెలుసు, భార్యకి తెలుసు, చెప్పే అక్కకీ తెలుసు. పరాయి పంచన తినేవాళ్ళ కడుపు అంత త్వరగా నిండుతుందని చిన్నప్పుడు బళ్ళో ఎవరూ చెప్పరు, చూసి తెలుసుకోవాలి.

ఒక మధ్యాహ్నం అక్క ఒక నీలం కోటు తెచ్చి మిషను మీద పెట్టింది.

"దీన్ని కాస్త చిన్నది చెయ్యరా తమ్ముడూ."

మామయ్య ఎత్తి చూశాడు. అందులో ఇద్దరు నిక్షేపంగా పడతారు, మూడోవాడు తల దాచుకోవచ్చు. "ఇంత గుడ్డ దండగ చేసిన మహానుభావుడెవరక్కా?"

"ప్రభుత్వం."

"అనుకున్నాను. ఎవరి కొలతకి తగ్గించాలి?"

"నా కొలతకే."

మామయ్య మెడలోని టేపు జారి కిందపడింది.

"పని దొరికిందిరా. మనిషి కావాలని గోడ మీద కాగితం అంటించారు. ఊడవాలి, తుడవాలి, కాపలా ఉండాలి. వెళ్ళి అడిగాను, ఇచ్చారు."

"ఎక్కడ?"

అక్క రోడ్డు అవతలికి చూసింది. ఆ చూపు వెంట వెళ్ళిన మామయ్య చూపు వంతెనకి ఢీకొట్టుకుంది.

"ఎవరూ ఎక్కని వంతెనని ఊడవడానికి మళ్ళీ ఒక మనిషా?"

"ఎవరూ ఎక్కరు కాబట్టేరా ఆకులన్నీ అక్కడే ఉండిపోతున్నాయి."

మామయ్య కింద పడిన టేపు తీసుకున్నాడు. కోటు విప్పి, కొలిచి, అక్కకి అచ్చంగా సరిపోయేలా కుట్టాడు. మిగిలిన గుడ్డతో ఆవిడకే ఒక టోపీ, ఒక భుజం సంచీ కుట్టాడు. ఇంకా మిగిలితే భార్యకి మసిగుడ్డలు కుట్టాడు. అప్పటికీ మిగిలితే మడిచి పెట్టెలో దాచాడు. "నా పన్నే, తిరిగి నా పెట్టెలోకే వచ్చింది," అని గొణుక్కున్నాడు.

అక్క వీధి మొత్తానికీ వంతెనక్క అయిపోయింది. కమ్మీలు అద్దాల్లా తుడిచేది. కప్పు కింద పిచ్చుకలకి నీళ్ళు పెట్టేది. ఎండలో తిరిగి తిరిగి వచ్చే పోస్ట్‌మ్యాన్ అక్కడ కూర్చుని క్యారేజీ విప్పుకుంటే, ఆయన తినేలోగా చిరిగిన సంచి పట్టీకి కుట్టు వేసి పెట్టేది. సాయంత్రాలు డ్రిల్లు మాస్టారు గాలి కోసం ఎక్కేవారు. వంతెనంతటికీ వచ్చిపోయేవాళ్ళు వీళ్ళిద్దరే.

మొదటి జీతం వచ్చిన రోజు అక్క భోజనానికి కూర్చుంది. తింది. గరిట రాకముందే తలెత్తి, "ఇంకాస్త పెట్టమ్మా, కూర బాగుంది," అంది. మామయ్య భార్య గరిటెడు పెట్టాల్సింది గిన్నె ఒంచేసి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. నీలం మసిగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ కనపడింది. మామయ్య కంచంలోకి చూస్తూ ఆ పూట ప్రభుత్వాన్ని ఒక్క మాటా అనలేదు.

సరిగ్గా ఇలాంటప్పుడే కుంభకర్ణుడు నిద్ర లేస్తాడు.

పెద్దాఫీసు బంట్రోతు చెమటలు కక్కుతూ కొట్టు ముందు సైకిలు దిగాడు. "సభలో వంతెన దండగన్నది మీరేగా? మీ మాట పైకి వెళ్ళింది. రేపు పొద్దున తనిఖీ ఆఫీసరు గారు వస్తున్నారు. జనం ఎక్కడం లేదని తేలితే ఊడదీసేస్తారట. మీరు దగ్గరుండాలి. అదృష్టవంతులండీ, ప్రభుత్వం మీ మాట విన్నది."

జీవితంలో మొదటిసారి ప్రభుత్వం తన మాట విన్నందుకు మామయ్య చేతిలో చొక్కా సగంలో వదిలేసి ఇంటికి నడిచాడు.

ఇంట్లో భార్య విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సభలో చప్పట్లు కొట్టించుకున్నారుగా. వచ్చే నెల నుంచి మీ అక్కకి కూరలో ఆ చప్పట్లే వేసి పెడతాను."

"ఊరుకోవే, అసలే దిక్కు తోచక చస్తున్నాను."

అక్క మాత్రం నవ్వింది. "నువ్వన్నది నిజమేగా తమ్ముడూ. దాటేవాళ్ళు ఎవరున్నారని? రేపు కూడా నిజమే చెప్పు." అని భోజనానికి కూర్చుంది. ఒకసారి పెట్టింది తింది. రెండోసారి గరిట వచ్చేసరికి కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

మామయ్య సగం అన్నంలో లేచాడు.

ఆయనకి అబద్ధం అచ్చిరాదు. కుట్టు నేర్చుకునే రోజుల నుంచీ అబద్ధం ఆడినప్పుడల్లా సూది వేలికి గుచ్చుకునేది. దేవుడు కొందరిని తర్వాత శిక్షిస్తాడు, నన్ను మాత్రం అప్పటికప్పుడే శిక్షిస్తాడు అనేవాడు. కాబట్టి ఆఫీసరుకి అబద్ధం చెప్పే ధైర్యం లేదు. చెప్పకుండా చూపిస్తే అబద్ధం కాదేమోనని ఆయనకి తోచింది. చెప్పులు వేసుకుని డ్రిల్లు మాస్టారింటికి వెళ్ళాడు.

"మాస్టారూ, రేపు పొద్దున ఓసారి వంతెన ఎక్కి దిగుతారా? ఎవరితోనూ అనకండి. మీరొక్కరు ఎక్కితే చాలు."

తర్వాత ఒక్కరు చాలరేమోనని అనుమానం వచ్చి పోస్ట్‌మ్యాన్‌కి చెప్పాడు. ఎవరితోనూ అనకన్నాడు. మోకాళ్ళ నొప్పుల కిరాణా బామ్మకి చెప్పాల్సింది కాదు గానీ, ఏడుపు మొహం చూసి ఏమైందిరా అని ఆవిడే లాగింది. ఆ వీధిలో ముక్కల సంచి లేని ఇల్లు లేదు. తలుపు తలుపుకీ వెళ్ళి, ప్రతి ఒక్కరితోనూ "మీరొక్కరు చాలు, ఎవరితోనూ అనకండి" అని చెప్పి, గండం గడిచినట్టే అనుకుని పడుకున్నాడు.

పొద్దున్నే ఆఫీసరు వచ్చారు. సన్నగా, అలిసిపోయిన మొహంతో, చొక్కా రెండో గుండీ దారానికి వేలాడుతూ ఉన్న మనిషి. మామయ్య కళ్ళు ముందు ఆ గుండీ మీదే పడ్డాయి. "ఎవరూ లేరుగా, పైకి వెళ్ళి చూసొద్దాం," అన్నారాయన. మామయ్య ఒట్టు గట్టున పెట్టి మొదటిసారి వంతెన ఎక్కాడు. ఒకటో మెట్టు, రెండో మెట్టు ఎక్కి, మూడోది వదిలేసి నాలుగో దాని మీద కాలేశాడు.

"అదేమిటి?" అన్నారు ఆఫీసరు.

"అది నాదండి. అరిగిపోతుందని."

ఆఫీసరుకి అర్థం కాలేదు గానీ, మర్యాదస్తుడు కావడం చేత ఆయనా మూడో మెట్టు తొక్కకుండా దాటారు.

వంతెన నడిమికి చేరేసరికి అటువైపు మెట్ల మీంచి నలుగురొచ్చారు. ఇటువైపు నుంచి పదిమంది వచ్చారు. ఆ తర్వాత చూస్తే వీధి వీధంతా ఎక్కుతోంది. ఎవరికి వారు తామొక్కరే వచ్చామనుకుని వచ్చినవాళ్ళు. బామ్మని కొట్లోని కుర్చీతో సహా మాస్టారూ పోస్ట్‌మ్యానూ మోసుకొస్తున్నారు. "లెఫ్ట్, రైట్," అని మాస్టారు కింది నుంచే లెక్క అందుకున్నారు.

అంతవరకైతే ఎలాగో సర్దుకునేవారు. కానీ ఆ వీధిలో ఒక అలవాటు ఉంది. ఎదురైన మనిషిని పలకరించకుండా పోరు, పెద్దవాళ్ళకి దారి ఇవ్వకుండా కదలరు.

"ముందు మీరు వెళ్ళండి."

"అయ్యో, మీరు పెద్దవారు, మీరే వెళ్ళండి."

"మీ చంటాడికి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది, మీరు పంపిన కషాయం పనిచేసింది. వెళ్ళండి మరి."

"మీరు వెళ్ళకుండా నేనెలా వెళ్తానమ్మా?"

ఎవరూ వెళ్ళలేదు. వంతెన మొత్తం మర్యాదతో బిగుసుకుపోయింది. ఆఫీసరు మధ్యలో ఇరుక్కున్నారు. "కాస్త దారి ఇవ్వండి, నేను తనిఖీకి వచ్చాను," అన్నారు.

"మేమందరం దానికే వచ్చాం బాబూ, తోసుకోకండి," అన్నారు మాస్టారు.

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అంత దగ్గరగా, ముక్కుకి ఎదురుగా ఆ గుండీ వేలాడుతోంది. ఆయన చొక్కా కాలరుకి ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి ఉంటుంది. చేతులు వాటంతటవే దాన్ని తీశాయి. "ఊడిపోతుందండీ, ఒక్క నిమిషం కదలకండి," అని కుట్టడం మొదలుపెట్టాడు. కదలడానికి ఆఫీసరుకి చోటెక్కడుంది?

"ఇక్కడ రోజూ ఇలాగే ఉంటుందా?" అనడిగారాయన.

"రోజూ ఇలాగే..." అన్నాడు మామయ్య. సూది చటుక్కున బొటనవేలికి దిగింది.

వేలు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత తల దించుకుని, కుడుతూనే చెప్పేశాడు. "లేదు సార్. రోజూ ఇద్దరే వస్తారు. ఇవాళ వీళ్ళందర్నీ నేనే పిలిచాను. వంతెన దండగే, సభలో చెప్పింది నిజమే. కానీ దాన్ని ఊడిచేది మా అక్క. ఈ పని దొరికాకే మా ఇంట్లో రెండోసారి అడిగి అన్నం పెట్టించుకుంది. నిన్న మీరొస్తున్నారని తెలిసి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. దండగని దండగ అనకుండా ఉండలేను, ఆ చెయ్యి చూస్తూ తినలేను. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి." పళ్ళతో దారం కొరికాడు. గుండీ రాయిలా నిలబడింది.

ఆఫీసరు ఆ చివర నీలం కోటులో నిలబడి, జనం మధ్య నలిగిపోకుండా పిచ్చుకల నీళ్ళ మూకుడు తల మీదికి ఎత్తి పట్టుకున్న అక్కని చూశారు. ఇంతలో కుర్చీలోంచి బామ్మ గొంతు వినపడింది.

"ఒరే, అది నా కొట్టు కప్పేనా? దాని మీద అన్ని బంతులేంట్రా? వెధవల్లారా, నేనే కాజేశానని ఇన్నాళ్ళూ నన్ను దొంగముసలిది అంటిరి కదరా."

అందరూ కమ్మీల మీంచి వంగి చూశారు. వంతెన పక్కనున్న కొట్టు కప్పు నిండా బంతులు, ఎర్రవి, పచ్చవి, గాలి పోయినవి. కొందరు పెద్దవాళ్ళు తమ చిన్నప్పటి బంతుల్ని కూడా గుర్తుపట్టారు. నవ్వులకి వంతెన ఊగింది. ఆఫీసరు కూడా నవ్వారు. చాలా రోజుల నుంచి వాడనట్టున్న నవ్వు, మొదట కాస్త పట్టేసి తర్వాత సాఫీగా వచ్చింది.

"మామయ్యగారూ," అన్నారాయన. ఎవరు చెప్పారో, ఆయనా ఆ పిలుపే అందుకున్నారు. "ఊళ్ళో అవసరమైన చోట కట్టినవి ఎన్నో చూశాను, మనుషులు రారు. ఇక్కడ అవసరం లేదు, అందరూ వచ్చారు. వంతెనగా ఇది దండగే, అదే రాస్తాను. కానీ ఇక్కడికి మనుషులు దాటడానికి కాదు, ఆగడానికి వస్తున్నారు. మనుషులు ఆగే చోటుని మా ఆఫీసులో పార్కు అంటారు. పార్కుకి కాపలామనిషి ఉండి తీరాలి. ఊడదియ్యాలంటే కట్టినదానికంటే ఎక్కువ ఖర్చు, అదీ మీ డబ్బే. ఇలా రాస్తే మీకు సమ్మతమేనా?"

మామయ్య ఆలోచించాడు. "ముక్క పారేయకుండా సంచి కుట్టినట్టేగా," అన్నాడు.

"అంతే."

"అయితే కుట్టెయ్యండి."

ఆ రాత్రి అక్క రెండోసారి అడిగింది. మూడోసారి కూడా అడిగితే భార్య, "చాలు వదినా, ఆయనకి మిగల్చండి," అంది. అక్క అంత గట్టిగా నవ్వడం ఆ ఇంట్లో అదే మొదలు.

కథ ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది, కానీ ప్రభుత్వం ఆపలేదు. కొన్నాళ్ళకి పార్కుల వాళ్ళ బండి వచ్చింది. వంతెన మీద ఒక బెంచీ వేశారు, మంచిదే. తర్వాత పెద్ద ఇనప బోర్డు ఒకటి మోసుకెళ్ళి నడిమధ్యన బిగించారు. "గడ్డి మీద నడవరాదు" అని దాని మీద ఉంది.

మామయ్య కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. "గడ్డి ఏదయ్యా ఇక్కడ?"

"పార్కంటే బోర్డు ఉండాలండి," అన్నాడు పనివాడు మరలు బిగిస్తూ. "గడ్డి మా సెక్షను కాదు."

మామయ్య కొట్టుకి వచ్చి చాలాసేపు మిషను తొక్కలేదు. ఇంత బోర్డు, ఇంత రంగు, ఇన్ని మరలు, అన్నీ దండగ. ఆయన ప్రాణం ఊరుకోలేదు. పెట్టెలో మడిచి దాచిన నీలం గుడ్డ తీశాడు. దాన్ని నాలుగు పొరలు వేసి వెడల్పాటి తిత్తిలా కుట్టాడు. కొట్టు వెనక నుంచి మట్టీ, వేళ్ళతో సహా నాలుగు పిడికిళ్ళ గడ్డీ తెచ్చి అందులో పాతాడు. తల మీద పెట్టుకుని, మూడో మెట్టు వదిలేసి, వంతెన ఎక్కి సరిగ్గా బోర్డు కింద దింపాడు.

అక్క చీపురు ఆపి చూసింది. "ఏంట్రా ఇది?"

"బోర్డు ఊరికే పోతుందక్కా. దాన్లో నా డబ్బు కూడా ఉంది. రోజూ కాసిని నీళ్ళు పొయ్యి."

అక్క పోసింది. గడ్డి నిలదొక్కుకుంది. ఎక్కినవాళ్ళందరూ బోర్డు చదివి, ఆ తిత్తెడు గడ్డి చుట్టూ భక్తిగా తిరిగి వెళ్ళేవారు. ఒక మధ్యాహ్నం మాత్రం రోడ్డు మీది గోధుమరంగు కుక్క తీరిగ్గా మెట్లెక్కి వచ్చి, ముడుచుకుని ఆ గడ్డి మీదే పడుకుంది. పోస్ట్‌మ్యాన్ అదిలించబోతే మామయ్య కింది నుంచి కేకేశాడు.

"ఉండనివ్వవయ్యా. నడవరాదన్నారు గానీ, పడుకోరాదనలేదుగా."